‘టు’ పెట్టాలా, ‘ఇంగ్’ పెట్టాలా: ఆరో వారం

ఇంగ్లిష్‌లో ఒక క్రియ వెనక ఇంకో క్రియ వస్తే, ఆ రెండోదాని ముందు ‘టు’ పెట్టాలా, చివర ‘ఇంగ్’ పెట్టాలా అన్నది నేర్చుకుంటున్నాను. రోజూ పొద్దున్న కాఫీతో పాటు ఇరవై నిమిషాలు. లాంగ్ నోట్‌బుక్‌లో 46 పేజీలు నిండాయి.

మొదటి రెండు వారాలు దండగ. ఇంగ్ వచ్చే ఎంజాయ్, ఎవాయిడ్, ఫినిష్, మైండ్ ఒకవైపు, టు వచ్చే వాంట్, డిసైడ్, హోప్, రెఫ్యూజ్ ఇంకోవైపు రాసుకుని ఎక్కాల్లా బట్టీ పట్టాను. మర్నాటికి సగం ఎగిరిపోయేవి.

మూడో వారం నుంచి ప్రతి క్రియ పక్కన తెలుగు వాక్యం రాయడం మొదలుపెట్టాను. ‘వెళ్లాలని నిర్ణయించుకున్నాను’ అంటే డిసైడెడ్ టు గో. ‘చదవడం పూర్తిచేశాను’ అంటే ఫినిష్డ్ రీడింగ్. ఓహో, ‘ఆలని’ ఉంటే టు, ‘అడం’ ఉంటే ఇంగ్! కిటుకు దొరికిందనుకున్నాను. నాలుగు రోజులు బాగానే నడిచింది.

ఐదో రోజు ‘తాళం వేయడం మర్చిపోయాను’ దగ్గర బోల్తా పడ్డాను. ‘అడం’ ఉంది కదా అని ‘ఫర్గాట్ లాకింగ్’ అని రాశాను. అంటే తాళం వేశానట, వేసిన సంగతే గుర్తులేదట! రాయాల్సింది ‘ఫర్గాట్ టు లాక్’. రిమెంబర్‌దీ ఇదే గొడవ. ఈ రెంటికీ ఇప్పుడు ఒకటే చూసుకుంటున్నాను: పని జరిగిపోయిందా, ఇంకా జరగాల్సి ఉందా? జరిగిపోతే ఇంగ్, జరగాల్సి ఉంటే టు.

స్టాప్ మాత్రం తెలుగు పుణ్యమా అని ఒక్క రోజులో వచ్చేసింది. ‘టీ తాగడం ఆపాను’ అంటే స్టాప్డ్ డ్రింకింగ్. ‘టీ తాగడానికి ఆగాను’ అంటే స్టాప్డ్ టు డ్రింక్. మనకు ఆపడం వేరు, ఆగడం వేరు. వాళ్లకు రెండూ స్టాపే కాబట్టి తేడా అంతా తర్వాతి మాటలో చూపించాలి.

ఈ వారం పరువు పోయింది మాత్రం ఆఫీసు మెయిల్లో. ‘లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యూ’ అని పంపేశాను. అక్కడి ‘టు’ మన ‘కోసం’ లాంటి విభక్తి, దాని తర్వాత మీటింగ్ అనే రావాలి. పంపాక గుర్తొచ్చి ఏం లాభం?

శనివారం మా అమ్మాయి 30 తెలుగు వాక్యాలిచ్చి ఇంగ్లిష్‌లో రాయమంది. 24 సరిపోయాయి, పోయిన వారం 19. తప్పుల్లో మూడు సజెస్ట్‌వే. ‘వెళ్దామన్నాడు’ అని ఉంటే చెయ్యి దానంతటదే ‘సజెస్టెడ్ టు గో’ అని రాసేస్తోంది, ‘సజెస్టెడ్ గోయింగ్’ అని తెలిసి కూడా. వచ్చే వారమంతా దానికే.