రాత్రి తినకపోయినా పొద్దున షుగర్ ఎందుకు పెరిగింది? - నా అనుభవం

నాకు షుగర్ ఇంకా రాలేదు, వచ్చే దారిలో ఉంది. పరగడుపున 100 నుంచి 125 దాకా ఉంటే ప్రీ డయాబెటిస్ అంటారు. నాది 112. రక్తం ఇవ్వడం, రిపోర్టు తెచ్చుకోవడం అమలాపురంలో ఒక్క పూటలో అయిపోయాయి.

తర్వాత ఒక ప్రైవేటు ఆస్పత్రిలో డైటీషియన్ దగ్గరికి పంపారు. "రాత్రి అన్నం మానెయ్యండి" అని ఒక్క ముక్క చెప్పి పంపేసింది. మానేశాను. కోనసీమలో పుట్టి పెరిగినవాళ్లకి అదెంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు. చాలా రాత్రులు మజ్జిగ తాగి పడుకున్నాను. మళ్లీ పరీక్ష చేయిస్తే 121 వచ్చింది.

ఆవిడ ఆ అంకె చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, వరండాలో ఉన్నవాళ్లందరికీ వినపడేలా "దొంగతనంగా తింటున్నారు కదమ్మా? రక్తం అబద్ధం చెప్పదు" అంది. మా ఊరివాళ్లు అక్కడే ఉన్నారు. మా ఆయన తల దించుకున్నారు. నేను చెప్పబోతే చేత్తో ఆపి, తర్వాతి పేరు పిలిచింది. కడుపు మాడ్చుకున్న మనిషిని పట్టుకుని దొంగ అంది! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మా అక్క కూతురు కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీలో చదువుతోంది. ఫోన్ చేస్తే, "పిన్నీ, నువ్వు తినకపోయినా నీ లివర్ ఊరుకోదు" అంది. రాత్రిపూట కండరాలు చాలావరకు కొవ్వుతో సరిపెట్టుకుంటాయట. మెదడుకి మాత్రం గ్లూకోజు కావాలి, ఎర్ర రక్తకణాలకైతే అది తప్ప వేరే దారి లేదు. అందుకని లివర్ తనలో దాచుకున్న సుమారు 100 గ్రాముల గ్లైకోజెన్‌ని, అంటే గ్లూకోజు నిల్వని, కరిగించి రక్తంలోకి వదులుతుంది. అది తగ్గేకొద్దీ ప్రోటీన్లలోని అమైనో ఆమ్లాల నుంచి, కొవ్వులోని గ్లిసరాల్ నుంచి కొత్తగా గ్లూకోజు తయారు చేస్తుంది. దీన్ని అదుపులో పెట్టేది ఇన్సులిన్. నాలాంటివాళ్లలో లివర్ ఆ మాట సరిగ్గా వినదు, అవసరానికి మించి వదిలేస్తుంది. తెల్లవారుజామున కార్టిజాల్ లాంటి హార్మోన్లు దాన్ని ఇంకా ఎగదోస్తాయి. మాంసం తప్ప ఏమీ పెట్టని కుక్కల లివర్ నుంచి వచ్చే రక్తంలో చక్కెర ఉంటుందని క్లాడ్ బెర్నార్డ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1848లోనే చూపించాడట. అంతకాలంగా తెలిసిన సంగతి ఆ డైటీషియన్‌కి తెలియదా? తెలియకపోతే ఆ కుర్చీలో ఎందుకు కూర్చోవాలి?

వేరే డాక్టరు గారు కూడా ఇదే చెప్పారు. రాత్రి పస్తు వద్దన్నారు. అన్నం తగ్గించి, పప్పో గుడ్డో చేప ముక్కో పెంచమన్నారు. వండిన తెల్లన్నం 100 గ్రాముల్లో 28 గ్రాముల దాకా పిండిపదార్థమే ఉంటుంది, పాలిష్ పట్టిన బియ్యంలో పీచు దాదాపు ఉండదు. మా ఇళ్లలో కూరల్లో పడే కొబ్బరి సంగతీ ఆయనే అడిగారు, ఆవిడ అడగనే లేదు. కొబ్బరిలో కొవ్వు ఎక్కువ కదా, గ్రాము పిండిపదార్థానికి, ప్రోటీనుకి 4 కేలరీలైతే కొవ్వుకి 9. భోజనం చేశాక కాలవ గట్టు మీద నడవమన్నారు. కదిలే కండరం ఇన్సులిన్ కోసం చూడకుండానే గ్లూకోజుని లాక్కుంటుందట. కొర్రమీను పులుసు నూనె తక్కువతో నాలా పెట్టేవాళ్లు మా వీధిలో లేరు, కాబట్టి వంట విషయంలో నాకు బెంగ లేదు.

మొన్న పరగడుపున 103 వచ్చింది. ఆ రిపోర్టు జిరాక్సు తీసి, జరిగిందంతా ఫిర్యాదుగా రాసి ఆ ఆస్పత్రి కౌంటర్‌లో ఇచ్చాను. స్టాంపు వేసిన నకలు ఇచ్చేదాకా అక్కణ్నుంచి కదల్లేదు.