రూట్ చేసిన ఫోన్ బ్యాకప్, ఎర్రర్ 255: నా అనుభవం

మొత్తానికి పని అయిపోయింది, ఫోన్ కొత్త ఆండ్రాయిడ్‌లో నడుస్తా ఉంది, షాపు లెక్కల్లో ఒక్క మెసేజ్ కూడా పోలేదు. వేడి మీదే రాసేస్తున్నా, ఎందుకంటే నేను వెతికినప్పుడు తెలుగులో ఈ బ్యాకప్ మధ్యలో వచ్చే ఎర్రర్ 255 మీద పనికొచ్చే ముక్క ఒక్కటి కూడా దొరకలేదు, దొరికిన వీడియోలన్నీ "ఒక్క క్లిక్‌తో బ్యాకప్" అని మొదలుపెట్టి చివరికి ఏదో యాప్ డౌన్‌లోడ్ చేసుకోమనేవే.

మాది నరసరావుపేట దగ్గర ఎరువులు, పురుగుమందుల షాపు. ఫోన్ 64 జీబీ, స్నాప్‌డ్రాగన్ చిప్‌ది, కొన్న ఏడాదే బూట్‌లోడర్ (ఫోన్‌ని మొదలుపెట్టే ప్రోగ్రాం) అన్‌లాక్ చేయించి మ్యాజిస్క్ అనే టూల్‌తో రూట్ చేశా, అంటే ఫోన్ మీద పూర్తి అధికారం తీసుకున్నా. కంపెనీ ఎక్కించిన చెత్త యాప్‌లు పీకేయడానికి, యాడ్స్ ఆపడానికి, నా ఫోన్‌లో ఏ ఫైల్ ఎక్కడుందో నేను చూసుకోవడానికి. నా డబ్బుతో కొన్న వస్తువులో నేను చూడకూడని గది ఏంటి అనేది నా పాయింటు, ఇప్పటికీ అదే అంటా.

ఫోన్‌లో రెండు వాట్సాప్‌లు ఉన్నయ్. ఒకటి ఇంటి నంబర్ది, రెండోది డ్యూయల్ యాప్స్‌లో పెట్టిన షాపు నంబర్ది. ఆ రెండోదాంట్లోనే నా బతుకంతా ఉంది. రైతులు తెల్లారుజామున పొలం పోతా వాయిస్ పెడతారు, "బాబాయ్, రెండు బస్తాలు డీఏపీ పక్కన పెట్టు, సాయంత్రం ఆటో పంపిస్తా, డబ్బులు మిరపకాయలు అమ్మినాక" అని. ముడతొచ్చిన మిరపాకు ఫొటో తీసి ఏం మందు కొట్టాలని అడుగుతారు. ఎవరికి ఎప్పుడు ఏం ఇచ్చానో ఖాతా పుస్తకంలో ఉన్నా, మాట తేడా వచ్చినప్పుడు ఆ వాయిసే సాక్ష్యం.

కంపెనీ అప్‌డేట్లు ఆపేసి చాన్నాళ్లయింది, ఆండ్రాయిడ్ 11 దగ్గరే ఆగిపోయింది, దానికితోడు స్టోరేజ్ నిండి కెమెరా కూడా తెరుచుకోవట్లేదు. అందుకని కంపెనీతో పని లేకుండా బయటివాళ్లు తయారుచేసే లీనియేజ్ ఓఎస్ 21, అంటే ఆండ్రాయిడ్ 14 వేద్దామనుకున్నా. దానికి డేటా మొత్తం ఫార్మాట్ చెయ్యాలి. ఫార్మాట్ చెయ్యాలంటే ముందు బ్యాకప్.

స్టోరేజ్ ఖాళీ చెయ్యడం తేలిగ్గానే అయింది. సెట్టింగ్స్‌లో "ఇతరములు 11 జీబీ" అని చూపిస్తది గానీ అదేంటో చెప్పదు. టెర్మక్స్ (ఫోన్లో కమాండ్లు కొట్టే యాప్) తెరిచి సూపర్ యూజర్‌గా, అంటే రూట్ అధికారంతో, డీయూ కమాండ్ కొడితే ఏ ఫోల్డర్ ఎంత తింటుందో వరసగా వచ్చేస్తది. కాల్ రికార్డింగులు 6 జీబీ. టెలిగ్రామ్ క్యాష్ ఇంకో 4. వాట్సాప్‌లో "సెంట్" ఫోల్డర్, అంటే మనం పంపిన ఫొటో వీడియోలకి ఇంకో కాపీ. ఇంకోటి చాలామందికి తెలియంది, గ్యాలరీలో డిలీట్ కొట్టినవి వెంటనే పోవు, ఆండ్రాయిడ్ 11 నుంచి పేరు ముందు చుక్క పెట్టి "ట్రాష్డ్" అని మార్చి 30 రోజులు అక్కడే దాస్తది, ఫైల్ మేనేజర్‌లో మామూలుగా కనపడవు, చోటు మాత్రం తింటనే ఉంటయ్. నాకు అట్లా పెళ్లి వీడియోలే 3 జీబీ దాకా దొరికినయ్. క్లీనర్ యాప్‌లు మాత్రం వెయ్యొద్దు, అవి చేసేదానికంటే చూపించే యాడ్స్ ఎక్కువ.

ఇక బ్యాకప్. ముందు ఈఎఫ్ఎస్, అంటే ఫోన్ సిగ్నల్‌కి కావాల్సిన వివరాలుండే భాగం. టీడబ్ల్యూఆర్‌పీ రికవరీలోకి, అంటే ఆండ్రాయిడ్ ఆన్ కాకుండానే తెరుచుకునే బ్యాకప్, మరమ్మతు మెనూలోకి పోయి బ్యాకప్ లిస్టులో ఈఎఫ్ఎస్ టిక్ పెట్టి, దాన్ని కంప్యూటర్లో ఒకచోట, పెన్‌డ్రైవ్‌లో ఒకచోట పెట్టా. స్నాప్‌డ్రాగన్ ఫోన్లలో మోడెమ్ ఎస్‌టీ 1, ఎస్‌టీ 2 అనే పార్టిషన్లలోనే (స్టోరేజ్‌లో విడిగా కట్టిన భాగాలు) అది ఉంటది, అవి పాడైతే ఐఎంఇఐ, అంటే ఫోన్ సొంత గుర్తింపు నంబరు, పోద్ది, సిమ్‌కి సిగ్నల్ రాదు. అప్పుడు ఎవరో ఇచ్చిన ఫైల్ ఎక్కించుకుంటే బాగవుద్దని చెప్పేవాళ్లుంటారు, అస్సలు వినొద్దు, అది ఇంకొకరి ఐఎంఇఐ, మన దేశంలో ఐఎంఇఐ మార్చడం నేరమని 2017లోనే రూల్స్ వచ్చినయ్. బూట్ పార్టిషన్ కూడా తీసుకున్నా. అది నిమిషం పని.

తర్వాత డేటా పార్టిషన్, అంటే యాప్‌లు, వాటి సమాచారం ఉండే భాగం, టిక్ పెట్టి స్వైప్ చేశా. ఇక్కడ మొదలైంది.

సగం దాకా పోద్ది, ఎర్ర అక్షరాల్లో "క్రియేట్‌టార్‌ఫోర్క్ ప్రాసెస్ ఎండెడ్ విత్ ఎర్రర్ 255" అని ఆగిపోద్ది. మళ్లీ చేస్తే మళ్లీ అంతే. ఎస్‌డీ కార్డ్ మార్చినా అంతే, ఓటీజీలో పెన్‌డ్రైవ్ పెట్టినా అంతే. కార్డు నిండిందా అంటే 100 జీబీ ఖాళీగా ఉంది. పాస్‌వర్డ్ కొట్టి డీక్రిప్ట్ చేసాకే, అంటే తాళం తీశాకే, లోపలికి పోయా, నా ఫొటోలన్నీ పేర్లతో సహా కనపడతన్నయ్, కాబట్టి డీక్రిప్షన్ తప్పిందని కూడా అనుకోవడానికి లేదు. ఎందుకు ఆగుతుందో చెప్పదు, 255 అంటది అంతే. షాపు మూసి ఇంటికొచ్చాక రోజూ ఇదే పని, ఇంట్లోవాళ్లకి నా మొహం చూసే ఫోన్ సంగతి అర్థమైపోయేది.

అడిగా. ఈ ఫోన్ వాడేవాళ్ల గ్రూపుల్లో అడిగా. వచ్చిన సలహా అందరి దగ్గరా ఒకటే, "ఫార్మాట్ డేటా కొట్టెయ్ బ్రో, పోద్ది." పోద్ది, నిజమే, ఎర్రరూ పోద్ది, నా షాపూ పోద్ది. బ్యాకప్ తీసుకోవడానికి కూర్చున్న మనిషికి డేటా చెరిపెయ్ అని చెప్పడం సాయం కాదు. అవతలోడి ఫోన్‌లో ఏముందో ఒక్కసారి కూడా అడక్కుండా సలహా ఇచ్చేవాళ్లంటే నాకు అప్పటినుంచీ అసహ్యం పుట్టింది. మా షాపుకి రైతు వచ్చి ఆకు ముడుచుకుంటుంది అంటే, ఆకు తిప్పి కింద తామర పురుగుందా నల్లి ఉందా చూడకుండా నేను మందు డబ్బా చేతిలో పెట్టను. ఫోన్‌కి మాత్రం ఆ మాత్రం మర్యాద ఎందుకు ఉండదు?

అదే పని నేనే చేశా, తిప్పి చూశా. రికవరీ ఒక లాగ్, అంటే తను చేసిన ప్రతి పనికీ చిట్టా, రాస్తది, టీడబ్ల్యూఆర్‌పీలో అడ్వాన్స్‌డ్‌లోకి పోయి "కాపీ లాగ్" కొడితే రికవరీ డాట్ లాగ్ అని స్టోరేజ్‌లోకి వస్తది. ఎర్రర్ వచ్చిన వెంటనే తీసుకోవాలి, రీబూట్ చేస్తే పోద్ది. కంప్యూటర్లో తెరిచి కింద నుంచి పైకి చదువుకుంటా పోయా. వేల లైన్లు, ఎక్కువ భాగం మనకి పనికిరానివే. 255 వచ్చిన చోటికి కాస్త పైన ఒక లైన్ కనపడింది, డేటాలో సిస్టమ్ సీఈ అనే ఫోల్డర్, దాని లోపల 999 అనే ఫోల్డర్, పక్కన "రిక్వైర్డ్ కీ నాట్ అవైలబుల్" అని. ఇంకొంచెం వెతికితే యూజర్ అనే ఫోల్డర్లో కూడా అదే 999.

ఆ 999 ఏంటో పట్టుకోవడానికి ఇంకో రాత్రి పట్టింది. ఆండ్రాయిడ్ లోపల మనం మామూలుగా వాడేది యూజర్ 0. డ్యూయల్ యాప్స్ ఆన్ చేసినప్పుడు ఫోన్ మనకి చెప్పకుండా ఇంకో యూజర్‌ని తయారు చేస్తది, దాని నంబరే 999. ఆండ్రాయిడ్ 10తో వచ్చిన ఫోన్ల నుంచి ఫైల్ వారీ ఎన్‌క్రిప్షన్ తప్పనిసరి, అందులో ప్రతి యూజర్‌కీ వేరే కీ ఉంటది. ఒకే ఇంట్లో రెండు పోర్షన్లు, దేని తాళం దానిదే. రికవరీలో నేను పాస్‌వర్డ్ కొడితే యూజర్ 0 పోర్షనే తెరుచుకుంటుంది. బ్యాకప్ వరసగా ఫైళ్లు సర్దుకుంటా 999 గుమ్మం దగ్గరికి పోద్ది, తెరుచుకోదు, మొత్తం పని అక్కడ వదిలేస్తది. బీకాం చదివిన ఎరువుల కొట్టోడు లాగ్ చదివి కనిపెట్టిన సంగతి ఇది, గ్రూపులో ఏళ్ల తరబడి అడ్మిన్లుగా ఉన్నవాళ్లు ఒక్కరూ చెప్పలేదు, గర్వంగానే చెప్తన్నా.

నెట్లో ఇంగ్లీషులో వెతికితే 999 సంగతి తెలిసినవాళ్లు ఉన్నారు, వాళ్లిచ్చే మందు డ్యూయల్ యాప్స్ ఆపెయ్యడం, యూజర్‌ని తీసెయ్యడం. కరెక్టే గానీ నా షాపు వాట్సాప్ ఉంది ఆ 999లోనే కదా, తీసేస్తే అది పోద్ది. కాబట్టి ముందు దాన్ని బయటికి తేవాలి.

రికవరీలో తాళం పడి ఉంటది గానీ ఫోన్ మామూలుగా ఆన్‌లో ఉండి లాక్ తీసి ఉన్నప్పుడు రెండు యూజర్లూ తెరిచే ఉంటారు. రూట్ ఉన్నందుకు పనికొచ్చింది ఇక్కడే. ముందు షాపు వాట్సాప్‌లో చాట్ బ్యాకప్ కొట్టా, అది డేటాబేసెస్ ఫోల్డర్లో ఎన్‌క్రిప్ట్ అయిన ఫైల్ పెడతది. తర్వాత టెర్మక్స్‌లో సూపర్ యూజర్‌గా, డేటాలో మీడియా, దాంట్లో 999, దాంట్లో ఆండ్రాయిడ్, మీడియా కింద ఉన్న వాట్సాప్ ఫోల్డర్ మొత్తాన్ని టార్ కమాండ్‌తో ఒకే మూటగా కట్టి తిన్నగా ఎస్‌డీ కార్డులోకి పంపా. కార్డు ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో ఉండాలి, ఫ్యాట్ 32 అయితే ఒక్క ఫైల్ 4 జీబీ దాటదు, నా మూట 9 జీబీ. అయ్యాక మూటలో ఎన్ని ఫైళ్లున్నయ్, అసలు ఫోల్డర్లో ఎన్నున్నయ్ లెక్క సరిచూసుకున్నా. కంప్యూటర్లోకి కాపీ చేశాక రెండుచోట్లా ఎస్‌హెచ్‌ఏ 256 (ఫైల్‌కి వేలిముద్ర లాంటి కోడ్) తీసి అక్షరం అక్షరం పోల్చా. మూట విప్పి ఏవో నాలుగు వాయిసులు ఆడించి కూడా విన్నా. కోటప్పకొండ తిరునాళ్లప్పుడు ఒకాయన పెట్టిన వాయిస్, వెనకాల ప్రభల మైకు మోగుతా ఉంటే "యూరియా ఉందా" అని అరుస్తున్నాడు, స్పష్టంగా వినపడింది. అప్పుడు ఊపిరి పీల్చుకున్నా.

షాపు నంబర్‌ని మాత్రం మళ్లీ ఇదే ఫోన్లో పెట్టదల్చుకోలా. ఇంట్లో పాత ఫోన్ ఒకటుంది, రూట్ లేనిది. దాంట్లో వాట్సాప్ ఇన్‌స్టాల్ చేసి, తెరవకుండానే ఆ ఫోల్డర్‌ని అదే దారిలో పెట్టి, ఆ తర్వాత షాపు సిమ్ వేసి నంబర్ కొట్టా. ఓటీపీ వచ్చింది, బ్యాకప్ దొరికిందని చూపించింది, రీస్టోర్ కొడితే అన్నీ వచ్చేసినయ్. వరస ముఖ్యం, నంబర్ ముందు కొట్టి ఫైళ్లు తర్వాత పెడితే బ్యాకప్ దొరకలేదని ఖాళీగా మొదలెడతది. యూపీఐ కూడా ఆ ఫోన్లోకే మార్చా. ఎందుకంటే నా బ్యాంకు యాప్ ఈ ఫోన్లో "రూటెడ్ డివైస్" అని మూసుకుంటుంది, బ్రాంచికి పోయి అడిగితే కౌంటర్లో ఉన్నామె "ఫోన్ మార్చుకోండి సార్" అని తలెత్తకుండా చెప్పింది. రూట్ దాచే మాడ్యూళ్ల జోలికి నేను పోను, ఇవాళ పనిచేస్తే రేపు ఆగుతయ్, డబ్బుల దగ్గర ఆ లంపటం వద్దు.

పాత ఫోన్లో అంతా సరిగ్గా ఉందని చూసుకున్నాకే సూపర్ యూజర్‌గా "పీఎం రిమూవ్-యూజర్ 999" కొట్టా. తర్వాత "పీఎం లిస్ట్ యూజర్స్" కొట్టి చూస్తే 0 ఒక్కటే ఉంది. సిస్టమ్ సీఈ, మిస్క్ సీఈ, వెండర్ సీఈ ఫోల్డర్లలో 999 అవశేషం ఏదన్నా మిగిలిందేమో కూడా చూడండి, కొన్ని ఫోన్లలో మిగులుద్ది. రికవరీలోకి పోయి మళ్లీ స్వైప్ చేశా. సగం దాటింది, ముప్పాతిక దాటింది, నేను స్క్రీన్ మీద నుంచి కన్ను తియ్యలేదు, "బ్యాకప్ కంప్లీటెడ్" అని పడింది. మా ఆవిడని లేపి మరీ చూపించా.

మిగతావన్నీ చకచకా అయినయ్. టీడబ్ల్యూఆర్‌పీ డేటా బ్యాకప్‌లో ఇంటర్నల్ స్టోరేజ్ రాదు, అంటే ఫొటోలు, డౌన్‌లోడ్లు, ఇవేవీ ఉండవు, ఇది తెలియక మునిగినవాళ్లు చాలామంది. వాటిని కంప్యూటర్ నుంచి కొట్టే ఏడీబీ పుల్ కమాండ్‌తో కంప్యూటర్లోకి లాగా, మైనస్ ఏ పెడితే ఫైళ్ల తేదీలు మారకుండా వస్తయ్, లేకపోతే ఫొటోలన్నీ ఇవాళే తీసినట్టు కనపడతయ్. యాప్‌లు విడివిడిగా నియో బ్యాకప్ అనే యాప్‌తో తీశా, ఎందుకంటే ఆండ్రాయిడ్ 11లో తీసిన మొత్తం డేటాని 14 మీద రుద్దితే ఫోన్ లోగో దగ్గరే తిరుగుతా ఉంటది. ఆ పెద్ద బ్యాకప్ పనికొచ్చేది పాత రోమ్‌కి, అంటే పాత ఆండ్రాయిడ్‌కి, వెనక్కి రావాల్సి వస్తేనే. బ్యాంకు యాప్‌లు, ఓటీపీ కోడ్లిచ్చే ఆథెంటికేటర్ యాప్‌లు ఇట్లా తియ్యొద్దు, వాటి కీలు కొన్ని ఫోన్ చిప్‌లోనే ఉంటయ్, కాపీలో రావు. ఆథెంటికేటర్ కోడ్లు యాప్‌లోనే ఎక్స్‌పోర్ట్ చేసుకోండి. ఫార్మాట్, లీనియేజ్, మ్యాజిస్క్, నియో బ్యాకప్ రీస్టోర్, అన్నీ ఒక సాయంత్రంలో అయినయ్.

సర్వీస్ సెంటర్ గురించి ఒక మాట. మధ్యలో ఛార్జింగ్ పిన్ వదులైందని తీసుకుపోతే, రూట్ అని తెలియగానే పదిమంది ముందు "ఇట్లాంటివి మేం ముట్టుకోం" అని బల్ల మీద పెట్టి వెనక్కి నెట్టాడు. పిన్‌కి రూట్‌కి సంబంధం ఏంటని అడిగితే సమాధానం లేదు. బజార్లో చిన్న షాపతను నా ముందే విప్పి, పాస్‌వర్డ్ కూడా అడక్కుండా మార్చిచ్చాడు. రిపేరుకి ఎక్కడ ఇచ్చినా ముందు ఈఎఫ్ఎస్, ఫొటోలు మీ దగ్గర కాపీ ఉంచుకునే ఇవ్వండి.

255 వచ్చినవాళ్లు ముందు లాగ్ తియ్యండి. 999 బదులు 10 అని కనపడితే అది సెకండ్ స్పేస్ (ఫోన్లోనే విడిగా పెట్టుకునే రెండో ఖాతా) గానీ ఆఫీసువాళ్లు పెట్టిన వర్క్ ప్రొఫైల్ గానీ అయ్యుంటది, పద్ధతి అదే, ముందు దాంట్లో ఉన్నది బయటికి తెచ్చుకుని తర్వాత తీసెయ్యాలి. ఏ నంబరూ లేకపోతే చోటు చాలకపోవడమో, ఫైల్ ఏదన్నా పాడవడమో, ఆ లైన్ పైనే ఫైల్ పేరు ఉంటది, చదవండి.