ఒంటిగంట దాటితే గానీ పట్టని నిద్ర

ఇంటర్ సెకండియర్ బైపీసీ, విజయవాడ దగ్గర ఒక రెసిడెన్షియల్ కాలేజీ. తెల్లవారుజామున అయిదింటికి విజిల్. అయిదున్నరకల్లా స్టడీ అవర్లో కూర్చోవాలి. రాత్రి పదిన్నరకి వదిలేవాళ్లు. ఎంత అలసిపోయినా ఒంటిగంట దాటితే గానీ నాకు నిద్ర పట్టేది కాదు. దసరా నాటికి రోజూ తలనొప్పి, పొద్దున్నే వికారం, టిఫిన్ సయించేది కాదు. ఫిజిక్స్ క్లాసులో కూర్చునే నిద్రపోయేదాన్ని. లెక్చరర్లు బద్ధకం అన్నారు. నాన్న బలానికి టానిక్ కొన్నారు. రక్తపరీక్షల్లో హిమోగ్లోబిన్, థైరాయిడ్ రెండూ బాగానే ఉన్నాయి.

అమ్మ గుంటూరులో ఒక న్యూరాలజిస్టుకి చూపించింది. కొన్నాళ్లు ఇంట్లోనే ఉండి, నిద్ర వచ్చినప్పుడు పడుకుని, మెలకువ వచ్చినప్పుడు లేచి, ఆ వేళలు కాగితం మీద రాయమన్నారావిడ. అలా చేస్తే ఎనిమిదిన్నర గంటలు హాయిగా పడుకున్నాను. తలనొప్పి పోయింది. కానీ నిద్ర పట్టింది మాత్రం ఒంటిగంటకే.

“మీ అమ్మాయికి నిద్ర లేకపోవడం కాదమ్మా, నిద్ర వేళే ఆలస్యంగా జరిగిపోయింది” అన్నారు డాక్టరుగారు. యుక్తవయసులో, నిద్రవేళైందని ఒంటికి తెలిపే మెలటోనిన్ అనే హార్మోన్ ఊరడం అందరికీ కాస్త ఆలస్యమవుతుందట, కొందరికి మరీ ఎక్కువ. మెదడులోని పీనియల్ గ్రంథి నుంచి మెలటోనిన్ అని జువాలజీ పరీక్షల్లో ఎన్నిసార్లు రాశానో! అది నా ఒంట్లో ఏ వేళకి పని మొదలుపెడుతోందో ఎవరూ ఆలోచించలేదు.

ఆవిడ చెప్పిన ఇంకో మాట నాకు బాగా గుర్తుండిపోయింది. మెదడులోని గడియారాన్ని సరిచేసేది కంట్లో పడే వెలుగు. మామూలుగా పొద్దుటి వెలుగు దాన్ని ముందుకు జరిపి, రాత్రి నిద్ర తొందరగా పట్టేలా చేస్తుంది. కానీ నా శరీరానికి అయిదున్నర అంటే ఇంకా నడిరాత్రే. ఆ వేళప్పుడు ట్యూబ్‌లైట్ల కింద కూర్చోబెడితే ఆ గడియారం ఇంకా వెనకబడి, నిద్ర ఇంకా ఆలస్యమవుతుంది. అంటే తొందరగా లేపిన కొద్దీ నాకు జబ్బు ముదిరింది.

అందుకే మొదట తొమ్మిదికే లేవమన్నారు. లేవగానే డాబా మీద అరగంట ఎండలో ఉండాలి. అక్కడి నుంచి లేచే వేళని కొద్దికొద్దిగా ముందుకి తెచ్చాం. ఆదివారమైనా అదే టైము. సాయంత్రం తక్కువ మోతాదులో మెలటోనిన్ మాత్ర, మధ్యాహ్నం తర్వాత టీ బంద్, రాత్రి ఇంట్లో చిన్న బల్బు. ఫిజిక్స్ లెక్కలు సాయంత్రానికి మార్చుకున్నాను, ఆ వేళకే నా బుర్ర చురుగ్గా ఉంటుంది. హాస్టల్ మానేసి, కాలేజీకి తొమ్మిదింటికి వచ్చేలా డాక్టరు ఉత్తరంతో అనుమతి తీసుకున్నాం. సంక్రాంతికల్లా పదకొండింటికి నిద్ర పట్టి, ఏడింటికి నాకు నేనే లేచాను. ఆకలి తిరిగొచ్చింది.

అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం 2014లోనే హైస్కూళ్లు ఎనిమిదిన్నరకి ముందు మొదలుపెట్టొద్దంది. 2022 నుంచి కాలిఫోర్నియాలో అది చట్టం కూడా. మా హాస్టల్లో నాలాగే తూలుతూ కూర్చున్నవాళ్లు ఎంతమందో. నీట్ జరిగేది మధ్యాహ్నం రెండింటికి. దానికోసం పిల్లల్ని అయిదింటికి లేపాల్సిన అవసరం ఏముంది?

ఇప్పటికీ పెళ్లిళ్లలో రాత్రుళ్లు మేలుకుంటే వేళ జారుతుంది. మర్నాడు ఎంత మత్తుగా ఉన్నా మామూలు టైముకే లేచి ఎండలోకి వెళ్తాను. కొన్ని రోజుల్లో మళ్లీ దారికొస్తుంది.