ఆ లెక్క ఏ సంవత్సరానిది?

"థైరాయిడ్ క్యాన్సరేగా వదినా, అది మంచి క్యాన్సరట, భయం లేదు" అంది మా ఆడపడుచు. తను అన్నదాంట్లో అబద్ధం లేదు. ఎక్కువ మందికి వచ్చే పాపిలరీ రకంలో అయిదేళ్ల తర్వాత కూడా నూటికి 95 మందికి పైగా బతికే ఉంటారు. నాకు వచ్చింది అనాప్లాస్టిక్. థైరాయిడ్ క్యాన్సర్లలో నూటికి ఒకటో రెండో ఉండే రకం. ఏళ్లుగా మెడలో ఉలుకూ పలుకూ లేకుండా పడున్న గడ్డ కొన్ని వారాల్లోనే పెరిగిపోయింది. గొంతు బొంగురుపోయింది, అన్నం ముద్ద దిగేది కాదు. పెట్ స్కాన్‌లో ఊపిరితిత్తుల్లోనూ మచ్చలు కనిపించాయి. ఈ రకానికి ఒకటో స్టేజీ, రెండో స్టేజీ అంటూ ఉండవు, బయటపడేదే నాలుగులో.

మా అబ్బాయి ఫోన్లో చదివింది నాకు చెప్పలేదు. నేనే చదువుకున్నాను. సగం మంది ఆరు నెలలు కూడా దాటరని, ఏడాది చూసేది అయిదుగురిలో ఒకరేనని. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరమూ నిద్రపోలేదు.

మర్నాడు ఆంకాలజిస్ట్ గారు అన్నారు: "అమ్మా, అది పాత లెక్క. ముందు మీకు బ్రాఫ్ ఉందో లేదో చూద్దాం." బ్రాఫ్ అనే జన్యువులో వి600ఇ అనే మార్పు ఈ రోగుల్లో దాదాపు నూటికి 40 మందికి ఉంటుంది. బయాప్సీ ముక్క మీదే రంగు పరీక్ష చేస్తే కొద్ది రోజుల్లో తెలిసిపోతుంది. పూర్తి జన్యు పరీక్షకు వారాలు పడుతుంది, ఈ జబ్బు అన్నాళ్లు ఆగదు.

నాకు ఉంది. ఆ మార్పు ఉన్నవాళ్లకు కలిపి ఇచ్చే డాబ్రఫెనిబ్, ట్రామెటినిబ్ అనే రెండు మందులు మొదలుపెట్టారు. ఈ జంటకు ఈ క్యాన్సర్ కోసం అమెరికాలో 2018లో అనుమతి వచ్చింది. హ్యూస్టన్‌లోని ఎండీ ఆండర్సన్ ఆసుపత్రి లెక్కల్లో, 2014కు ముందు వచ్చినవాళ్లలో ఏడాది దాటినవారు నూటికి 35. 2017 నుంచి 2019 మధ్య వచ్చినవాళ్లలో 59. మాత్రలతో గడ్డ తగ్గాక ఆపరేషన్ కూడా అయినవాళ్లలో 94. ఈ చివరి అంకె చూసి పొంగిపోకూడదు. వాళ్లు కొద్దిమందే, పైగా మందు పనిచేసినవాళ్లే ఆపరేషన్ దాకా రాగలిగారు. అయినా ఆ అంకెను పట్టుకునే నేను ఆ నెలలు నెట్టుకొచ్చాను.

ఒక మాత్ర పరగడుపున, రోజుకు రెండుసార్లు. ఇంకోటి ఫ్రిజ్‌లో పెట్టాలి. వణుకుతో జ్వరం వచ్చేది. వస్తే మాత్రలు ఆపి, తగ్గాక మళ్లీ మొదలుపెట్టమనేవారు. ఆపిన ప్రతిసారీ ఒకటే టెన్షన్. కానీ మెడ చుట్టూ బిగుతు మాత్రం త్వరగానే వదిలింది. ముందు మజ్జిగ దిగింది, తర్వాత పప్పన్నం. గడ్డ తగ్గాక ఆపరేషన్, ఆపైన రేడియేషన్. రేడియేషన్‌కి నోరు ఎండిపోయి కారం తగిలితే మండిపోయేది. ఖర్చు సంగతి చెప్పాలంటే, చేను అమ్మాం.

రెండు సంక్రాంతులు దాటాయి. ఊపిరితిత్తుల్లో మచ్చలు చిన్నవై అలాగే ఉన్నాయి, పోలేదు. మందుకు క్యాన్సర్ లొంగకుండా పోయే రోజు రావచ్చని డాక్టర్ గారు దాచకుండా చెప్పారు. అందుకే స్కాన్‌లు ఆగవు.

నాతోపాటు రేడియేషన్‌కి వచ్చిన ఒకావిడకు ఆ బ్రాఫ్ మార్పు లేదు. ఆవిడ దక్కలేదు. అలాంటివాళ్లకు ఎన్‌టీఆర్‌కే, రెట్ లాంటి వేరే జన్యువుల్లో మార్పుల కోసం వెతుకుతారు, ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదకు ఉసిగొల్పే ఇమ్యునోథెరపీ ఇచ్చి చూస్తారు. మీ ఇంట్లో ఎవరికైనా అనాప్లాస్టిక్ అని రాస్తే, రిపోర్టులో బ్రాఫ్ మాట లేకపోతే, ఆ రోజే అడగండి. బయాప్సీ బ్లాకు, అంటే మైనంలో భద్రపరిచిన ఆ ముక్క, ల్యాబ్‌లోనే ఉంటుంది, చాలావరకు మళ్లీ సూది గుచ్చనక్కర్లేదు.