ఒకే షెడ్యూల్, మూడు తేదీలు: డ్రిల్లింగ్ ప్లానింగ్‌లో నా అనుభవం

నేను డ్రిల్లింగ్ ఇంజనీర్ని కాదు, ప్లానర్ని. అంతకుముందు రోడ్లకీ సబ్‌స్టేషన్లకీ ప్రైమవేరా సాఫ్ట్‌వేర్‌లో షెడ్యూల్స్ చేసేదాన్ని, తర్వాత గచ్చిబౌలిలో ఆయిల్ అండ్ గ్యాస్ క్లయింట్లకి బ్యాక్ ఆఫీస్ పని చేసే ఒక కన్సల్టెన్సీలో చేరితే కాకినాడ ఆఫ్‌షోర్‌లో ఆరు బావుల క్యాంపెయిన్ తెచ్చి నా నెత్తిన పెట్టారు. ఒకటే జాకప్ రిగ్ (సముద్రం అడుగున కాళ్ళు ఆనించి నిలబడి తవ్వేది), ఒకదాని తర్వాత ఒకటి ఆరు బావులు తవ్వాలి, ఆఖరిది అయ్యాక పైప్‌లైన్ కలపడానికి వేరే వెసెల్, అంటే ఓడ, రావాలి. క్లయింట్ అడిగింది ఒక్కటే, ఆరో బావి ఏ తేదీకి అయిపోతుంది అని. సివిల్ సైడ్ నుంచి ఇటు వచ్చేవాళ్ళు ఈమధ్య బాగా పెరిగారు కాబట్టి ఆ ఒక్క ప్రశ్నతో నేను పడ్డ తంటా రాస్తున్నా, ఎవరికైనా పనికొస్తుంది.

ముందు బావి అంటే షెడ్యూల్లో ఏం ఉంటుందో చెప్తా. పైన 30 ఇంచుల కండక్టర్ పైపు, తర్వాత 20, ఆ కింద 13⅜, 9⅝, ఆఖర్న 7 ఇంచుల లైనర్, ఇలా దిగేకొద్దీ సన్నబడుతుంది. ప్రతి సెక్షన్‌కీ అదే తంతు, డ్రిల్ చేయాలి, పైపు పైకి లాగాలి, లాగింగ్ (పరికరాలు దించి రాతి పొరల్ని కొలవడం) ఉంటే చేయాలి, కేసింగ్ (బావి గోడ కూలకుండా ఉంచే ఉక్కు పైపు) దించాలి, సిమెంట్ పంప్ చేయాలి, అది గట్టిపడేదాకా ఆగాలి, బీఓపీ (బావి పేలకుండా మూసే వాల్వ్‌లు) టెస్ట్ చేయాలి, మళ్ళీ దిగాలి. కొత్తవాళ్ళు అందరూ గంటకి ఎన్ని మీటర్లు తవ్వుతున్నాం అనే చూస్తారు గానీ లోతు వర్సెస్ రోజులు గ్రాఫ్ గీస్తే సగం టైమ్ లోతు అస్సలు పెరగని చోటే పోతుంది, వీళ్ళు దాన్ని ఫ్లాట్ టైమ్ అంటారు. పైపు ఇరుక్కోవడం, మడ్ (తవ్వేటప్పుడు బావిలోకి పంప్ చేసే బురద లాంటి ద్రవం) రాతి పొరల్లోకి పారిపోవడం, క్రేన్ చెడిపోవడం, సముద్రం బాలేక ఆగడం ఇవన్నీ ఎన్‌పీటీ, అంటే నాన్ ప్రొడక్టివ్ టైమ్, అది వేరే పద్దు.

సరే, అందరూ చెప్పే పద్ధతే కదా అని మూడు అంకెలు అడగడం మొదలుపెట్టా. బాగా కలిసొస్తే ఎన్ని రోజులు, మామూలుగా ఎన్ని, బాగా తేడా కొడితే ఎన్ని. ఇది 1958లో అమెరికా నేవీ వాళ్ళు పొలారిస్ మిస్సైల్ కోసం పెట్టుకున్న పెర్ట్ పద్ధతి, మనం కాలేజీలో చదివిందే. 12¼ ఇంచుల సెక్షన్‌కి (9⅝ కేసింగ్ దించడానికి తవ్వే భాగం) ఒక ఇంజనీర్ 10, 11, 12 అని ఇచ్చాడు. పక్కాయన కూడా 10, 11, 13. ఎవరిని అడిగినా పదకొండు పట్టుకుని దానికి అటో రోజు ఇటో రోజు. క్లయింట్ సైడ్ డ్రిల్లింగ్ సూపరింటెండెంట్ ఒక పెద్దాయన ఉన్నారు, కోనసీమ మనిషి, ఫీల్డ్‌లోనే తల నెరిసింది, ఆయనకి షీట్ పంపితే ఫోన్ చేసి నవ్వారు. "చూడమ్మా, అడిగితే అందరూ అంతే చెప్తారండి, ఎక్కువ చెప్తే పని రాదనుకుంటారేమోనని భయం. వాళ్ళని అడక్కు, పాత బావుల్ని అడుగు."

పాత బావుల్ని అడగడం అంటే డీడీఆర్‌లు చదవడం. డైలీ డ్రిల్లింగ్ రిపోర్ట్, రోజుకొకటి, 24 గంటల్లో ఏ పని ఎప్పటి నుంచి ఎప్పటి దాకా చేశారో లైన్ లైన్‌గా ఉంటుంది. సగం స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు, కొన్ని వంకరగా స్కాన్ అయినవి. నాకు ఈ మొత్తం పనిలో ఎక్కువ టైమ్ తిన్నది ఇదే, ఎక్కువ నేర్పింది కూడా ఇదే. ఒక రిపోర్ట్‌లో తెల్లవారుజామున రెండున్నర నుంచి ఆరు దాకా "సర్క్యులేట్ అండ్ కండిషన్ మడ్" అని ఉంది, ఆ లైన్‌కి వేసిన కోడ్ చూస్తే నార్మల్ ఆపరేషన్. మర్నాటి రిపోర్ట్ రిమార్క్స్‌లో చిన్న అక్షరాలతో "టైట్ హోల్, ఓవర్‌పుల్" అని ఉంది. అంటే పైపు అప్పటికే పట్టేస్తోంది, ఆ మూడున్నర గంటలూ మామూలు పని కాదు, సమస్యకి మొదలు. ఇంకో బావిలో బోట్ కోసం, క్రేన్ కోసం ఆగినవన్నీ "అదర్స్"లో తోసేశారు. ఇలాంటివి ఒక్కొక్కటీ పెద్దాయనతో కూర్చుని మళ్ళీ కోడ్ చేసుకుంటూ పోతే తెలిసింది ఏంటంటే ఆ సెక్షన్‌కి మామూలుగా 11 రోజులే పడుతుంది, అది నిజమే, కానీ తేడా కొట్టినప్పుడు 13 కాదు, 30 దాటుతుంది. 8, 11, 32 అని పెర్ట్ ఫార్ములాలో వేస్తే (మధ్య అంకెని నాలుగుతో గుణించి, మిగతా రెండూ కలిపి, ఆరుతో భాగించాలి) సగటు 14 వస్తుంది. ఒక్క సెక్షన్‌కే మూడు రోజులు, ఇలా ఆరు బావుల్లో అన్ని సెక్షన్లకీ "మామూలు" అంకెలే కూడుకుంటూ పోతే మొదటి రోజు నుంచే మన ప్లాన్ వెనకబడి ఉంటుంది, ఎవరి తప్పూ లేకుండానే.

ఇది మా మేనేజర్‌కి ఎక్కించడానికి గచ్చిబౌలి నుంచి ఉప్పల్ ఎంతసేపు సార్ అని అడిగా. రోడ్డు ఖాళీగా ఉంటే యాభై నిమిషాలు, మామూలుగా గంటా ఇరవై, వానపడితే మూడు గంటలు. పది నిమిషాల్లో మాత్రం ఎప్పటికీ వెళ్ళం. ముందుకి జరగడానికి చోటు తక్కువ, వెనక్కి జరగడానికి ఎంతైనా ఉంది. అంతే, వెంటనే అర్థమైంది ఆయనకి, ఎందుకంటే ఉంటున్నది ఉప్పల్‌లోనే.

తేడా అంత ఎందుకు కొడుతుందంటే అక్కడి నేల అలాంటిది. కేజీ బేసిన్‌లో వాడపర్రు షేల్, రాఘవాపురం షేల్ లాంటి బంకమట్టి రాతి పొరల్లో ప్రెషర్ ఎక్కువ ఉండే చోట్లున్నాయి. షేల్‌ని కేసింగ్ వేయకుండా ఎక్కువ రోజులు వదిలేస్తే ఉబ్బుతుంది, పెళ్ళలు రాలుతుంది, పైపుని పట్టేస్తుంది. అంటే పై పనిలో రెండు రోజులు లేటైతే ఆ రెండు రోజులతో పోదు, కింద ఇరుక్కునే ఛాన్స్ కూడా పెరుగుతుంది. రోడ్డు పనిలో ఇంత ఘోరంగా చూడలేదు నేను.

మీటింగ్‌లో ఒకాయన మరి వర్స్ట్ కేస్ అంటే బ్లోఅవుట్ కూడా కలపాలి కదా అన్నాడు. పెద్దాయన ఒప్పుకోలేదు. 1995 జనవరిలో పాసర్లపూడిలో బావి పేలి ఆరడానికి 65 రోజులు పట్టింది, అది జరక్కుండా చూసుకోవాల్సింది, షెడ్యూల్లో దానికి ఇన్ని రోజులు అని సర్దుకునేది కాదు అన్నారు. నాకూ అదే కరెక్ట్ అనిపించింది. అలాంటిది సిమ్యులేషన్‌లో కలిపితే అంకెలు చెడతాయి, భద్రత ఏమీ పెరగదు.

తర్వాత మాంటే కార్లో, అంటే ఒక్కో పనికి దాని రేంజ్‌లోంచి ఏదో ఒక అంకె తీసుకుంటూ షెడ్యూల్‌ని వేలసార్లు నడిపి చూసే సిమ్యులేషన్. సాఫ్ట్‌వేర్ చేస్తుంది కాబట్టి పెద్ద కష్టం లేదు, కష్టమంతా కోరిలేషన్ దగ్గర, అంటే ఒక బావి లేటైతే ఇంకోటీ ఎంతవరకు లేటవుతుందన్న దగ్గర. లెక్క కోసం ఒక్కో బావి సగటు 45 రోజులు, స్టాండర్డ్ డీవియేషన్ (సగటుకి ఎంత అటూ ఇటూ పోతుందన్న కొలత) 12 అనుకుందాం. ఆరు బావులూ దేనికదే అనుకుంటే ఒకటి లేటైతే ఇంకోటి త్వరగా అయ్యి సర్దుకుంటాయి, మొత్తం 270 రోజుల చుట్టూ పీ10 నుంచి పీ90 దాకా (ఆలోపు అయిపోయే ఛాన్స్ 10 శాతం ఉన్న అంకె నుంచి 90 శాతం ఉన్న అంకె దాకా) సుమారు 232 నుంచి 308. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ రిగ్ అదే, క్రూ అదే, షేల్ అదే, మడ్ కంపెనీ అదే, ఒక బావిలో ఇబ్బంది పెట్టింది రెండో బావిలోనూ పెడుతుంది కదా. బావికీ బావికీ మధ్య కోరిలేషన్ 0.5 పెడితే అదే రేంజ్ 200 నుంచి 340 అవుతుంది. సగటు మారలేదు, వెడల్పు మాత్రం దాదాపు రెట్టింపు. డిఫాల్ట్‌గా సున్నా వదిలేసి అందమైన గ్రాఫ్ పెట్టేవాళ్ళని చాలామందిని చూశా, క్లయింట్‌కి నచ్చుతుంది కూడా, అదే ప్రమాదం.

అసలు మొదలవ్వడానికే మూడు కుదరాలి. రిగ్ రావాలి, కేసింగ్ రావాలి, పర్మిషన్లు రావాలి, అందులోనూ విదేశీ రిగ్ అయితే డీజీ షిప్పింగ్, నేవీ క్లియరెన్స్, కస్టమ్స్ అన్నీ ఉంటాయి. మూడు టీమ్‌లూ విడివిడిగా "70 శాతం ష్యూర్ మేడమ్" అన్నారు, ముగ్గురూ హ్యాపీ. దేనికదే అనుకుంటే మూడూ టైమ్‌కి వచ్చే ఛాన్స్ 0.7ని మూడుసార్లు గుణిస్తే 34 శాతం. ఆ అంకె స్లైడ్ మీద పెట్టినప్పుడు రూమ్‌లో ఎవరూ మాట్లాడలేదు, తర్వాత ఒకరు ఫార్ములా చెక్ చేయమన్నారు. చేశా, అంతే వచ్చింది.

తుఫాన్లది ఇంకో కథ. దాన్ని ప్రతి బావికీ ఇన్ని శాతం అని పూసేస్తే కుదరదు, అది క్యాలెండర్‌ని బట్టి వస్తుంది. బంగాళాఖాతంలో అక్టోబర్ నుంచి డిసెంబర్ ఒక సీజన్, రుతుపవనాలకి ముందు ఏప్రిల్, మే ఇంకోటి. 2018 డిసెంబర్‌లో పెథాయ్, 2023 డిసెంబర్‌లో మిచౌంగ్, రెండూ మన తీరానికే వచ్చాయి. జాకప్ నిలబడి తవ్వుతున్నప్పుడు కొంత తట్టుకుంటుంది, కాళ్ళు ఎత్తి ఇంకో లొకేషన్‌కి లాక్కెళ్ళేటప్పుడు మాత్రం సముద్రం బాగా నెమ్మదిగా ఉండాలి, ఎంత అల దాకా ఓకే అన్నది రిగ్‌ని బట్టి మారుతుంది. కాబట్టి రిగ్ మూవ్ ఏ నెలలో పడుతుందన్నదాన్ని బట్టి ఆగే రోజులు మారేలా మోడల్ చేశా. అన్నట్టు, అలల ఫోర్‌కాస్ట్ ఇచ్చే ఇన్‌కాయిస్ ఉన్నది మన హైదరాబాద్ ప్రగతినగర్‌లోనే, సముద్రం లేని ఊళ్ళో కూర్చుని దేశం మొత్తానికి సముద్రం సంగతి చెప్తారు వాళ్ళు, మా ఆఫీస్‌లో సగం మందికి ఆ విషయమే తెలీదు.

బావుల వరసకి కూడా పెద్ద గొడవే అయింది. జియాలజిస్ట్‌లకి అనుమానమున్న బావి ముందు తవ్వాలి, అందులో గ్యాస్ లేదని తేలితే మిగతా వాటిలో రెండు మానేయొచ్చు, డబ్బు మిగులుతుంది. పెద్దాయనకి తేలికైన బావి ముందు కావాలి, కొత్త రిగ్, కొత్త క్రూ, ముందు చేతులు తిరగనీ అని. రెండూ నిజమే. రెండు వరసలూ రన్ చేసి చూపిస్తే తేలికది మొదటిది, అనుమానమున్నది రెండోది అని తేల్చారు, అలాగైతే కష్టమైన మూవ్‌లు అక్టోబర్‌కి ముందే పడే ఛాన్స్ ఎక్కువ.

ఇక చివరి ప్రజెంటేషన్. ఇంత చెప్పాక కూడా క్లయింట్ డైరెక్టర్ "అదంతా బానే ఉందండీ, డేట్ ఒకటి చెప్పండి" అన్నారు. ఆ డేట్ ఎవరికి చెప్పాలి సార్ అని అడిగా. కేసింగ్ కొనేవాళ్ళకైతే పీ10 తేదీ, అంటే అన్నీ కలిసొస్తే ఎంత త్వరగా అవసరం పడొచ్చో అది. కేసింగ్ ముందొచ్చి కాకినాడ యార్డ్‌లో పడుంటే అద్దె, వడ్డీ పోతాయి, లేటైతే రిగ్ ఖాళీగా నిలబడి రోజు రేటు పోతుంది, రెండిటికీ పోలికే లేదు. పైప్‌లైన్ వెసెల్‌కి దీనికి రివర్స్, అది ముందొచ్చి రిగ్ ఇంకా అక్కడే ఉంటే స్టాండ్‌బై, అంటే ఊరికే ఆగినందుకు డబ్బు, కట్టాలి, కాబట్టి వాళ్ళకి పీ90 వైపు తేదీ. మరీ ఆలస్యంగా పిలిస్తే గ్యాస్ ఉన్నా అమ్మలేం, అందుకని ఒక తేదీ బదులు కాంట్రాక్ట్‌లో రెండు నెలల విండో పెట్టుకుని బావులు అవుతున్నకొద్దీ నోటీస్ ఇచ్చి దాన్ని కుదించుకుంటూ రావాలి. డ్రిల్లింగ్ టీమ్‌కి టార్గెట్ పీ50, అంతకంటే ఎక్కువ ఇస్తే పని ఆ టైమ్ అంతా నిండేదాకా సాగుతుంది. డైరెక్టర్ కాసేపు పెన్ను ఆడించి, అయితే లేటైతే ఎవరికి నష్టం, ముందైతే ఎవరికి నష్టం అని ఒక్కో కాంట్రాక్ట్‌కీ రాసుకురమ్మన్నారు. ఒక పేజీ టేబుల్ అది, మొత్తం రిపోర్ట్‌లో వాళ్ళు నిజంగా వాడింది ఆ పేజీనే.

మూడో బావిలో అదే 12¼ సెక్షన్‌లో షేల్ పైపుని పట్టేసింది. జార్ కొట్టారు (పైపు ఊడేలా గట్టిగా కుదపడం), ఫిషింగ్ చేశారు (లోపల మిగిలిన ముక్కని బయటికి లాగే ప్రయత్నం), రాలేదు, చివరికి సిమెంట్ ప్లగ్ వేసి పైనుంచి సైడ్‌ట్రాక్ చేశారు, అంటే పక్కకి కొత్త దారి తవ్వారు. జరిగిన రోజులు లోపలికి ఎక్కించి సోమవారం మళ్ళీ రన్ చేస్తే పీ50 మూడు వారాల పైనే వెనక్కి జరిగింది, పీ90 మాత్రం కొద్దిగానే కదిలింది. వెసెల్ విండో అప్పటికింకా పూర్తిగా కుదించలేదు కాబట్టి స్టాండ్‌బై కట్టే పరిస్థితి రాలేదు. కేసింగ్ అప్పటికే యార్డ్‌లో ఉంది, సైడ్‌ట్రాక్‌కి అదనంగా కావాల్సిన జాయింట్లు ఆరో బావి స్టాక్‌లోంచి లాగి తర్వాత రీఆర్డర్ చేశారు. పెద్దాయన ఫోన్ చేసి "32 పెట్టావు చూడమ్మా, మనకి 29 అయింది, నీ లెక్క ప్రకారం మనం ముందే ఉన్నామండి" అన్నారు, సరదాకే అనుకోండి.

ఫైనాన్స్ వాళ్ళ టెంప్లేట్‌లో మాత్రం ఇప్పటికీ "కంప్లీషన్ డేట్" అని ఒకటే గడి ఉంది. ఎన్నిసార్లు అడిగినా రెండోది పెట్టట్లేదు, సిస్టమ్ ఒప్పుకోదట. నేను పీ50 వేసి, ఆ గడికి కామెంట్ తగిలించి అందులో మిగతా రెండు తేదీలూ రాస్తున్నా, చదివేవాళ్ళు చదువుతున్నారు.