అతనికి తెలుసా?

అమెరికాలో ఫెడరల్ కోర్టులో నా జ్యూరీ డ్యూటీ (కేసు విని తీర్పు చెప్పే మామూలు పౌరుల బృందంలో పని) నిన్నటితో అయిపోయింది. డ్రగ్స్ కేసు. కారు డిక్కీ అడుగున రహస్య అరలో ప్యాకెట్లు దొరికాయి. అందులో ఎవరికీ వాదన లేదు. కారు నడిపిన కుర్రాడికి అవి అక్కడ ఉన్నాయని తెలుసా? కేసంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది.

సరుకు దొరికితే శిక్ష ఖాయమనుకుని వెళ్లాను. కాదట. తెలిసే తీసుకెళ్లాడని ప్రాసిక్యూషన్ సహేతుకమైన సందేహానికి తావు లేకుండా నిరూపించాలి. అది హెరాయినా, కొకైనా, ఎంత బరువు అన్నది అతనికి తెలియనక్కర్లేదు. ఏదో నిషిద్ధ మత్తుపదార్థమని తెలిస్తే చాలు. హెరాయిన్ అని తెలిసి, చట్టం దాన్ని నిషేధించిందని తెలియకపోయినా తప్పించుకోలేడు. 2015లో మెక్‌ఫాడెన్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పిందని ఇంటికొచ్చాక చదివాను.

మమ్మల్ని బాగా టెన్షన్ పెట్టింది మాత్రం 'కావాలని కళ్లు మూసుకోవడం' అనే మాట. అలా మూసుకున్నా తెలిసినట్టే లెక్క. కానీ అందుకు, డ్రగ్స్ ఉండే అవకాశం చాలా ఎక్కువని అతను లోపల నమ్మి ఉండాలి. పైగా, ఆ నిజం తెలియకుండా ఉండేందుకు కావాలనే ఏదో చేసి ఉండాలి. ఒట్టి అజాగ్రత్త చాలదు, తెలివితక్కువతనం అసలే చాలదు. "మనమైతే డిక్కీ చూసుకునేవాళ్లం కదా" అని ఒకరు అంటే, మనం ఏం చేసేవాళ్లమో కాదు, ఆ రోజు అతని మనసులో ఏముందో చూడాలని నేను గట్టిగా వాదించాను. ఫోన్ మెసేజ్‌లు మళ్లీ మళ్లీ చదివాం. అనుమానం కలిగింది, రుజువు దొరకలేదు.

నేరం రుజువు కాలేదని చెప్పాం. రాత్రంతా నిద్ర పట్టలేదు.