నీళ్ళ కింద జాయింటు

పదకొండు దాటింది. ఆ టేపు ముద్ద గురించి ఎక్కడో ఒకచోట రాసుకుంటే తప్ప నిద్ర పట్టేలా లేదు.

బావకి 17 అడుగుల ఫైబరు బోటు ఒకటుంది. పొద్దున అందులో అందరం చెన్నై దగ్గరి కోవళం వైపు వెళ్ళాం. గాలి లేదు, బ్యాక్‌వాటర్ కదలకుండా ఉంది, పాప మొదటిసారి స్టీరింగు పట్టుకుంది. అంతా బాగుంది. ఒడ్డుకొచ్చాక వెనక మూత ఎత్తితే అడుగున కొత్త బిల్జ్ పంపు, అంటే బోటు అడుగున చేరే నీళ్ళని బయటికి తోడే పంపు, కనిపించింది. యార్డులో ఒక మెకానిక్కు బిగించి పెట్టాడట. 2000 జీపీహెచ్, అంటే గంటకి 2000 గ్యాలన్లు. "పెద్దదే వేయించాను, ఇంక వానొచ్చినా భయం లేదు" అని బావ సంబరం. నా కళ్ళు మాత్రం వైరు మీదే ఉన్నాయి. పంపు నుంచి జానెడు దూరంలో దాని వైరును ఇంటి వైరుతో మెలిపెట్టి, నల్ల ఇన్సులేషన్ టేపు చుట్టి, ఆ ముద్దను అడుగునున్న నీళ్ళల్లోనే వదిలేశాడు.

టేపు విప్పాను. పెట్టి ఎంతో కాలం కాలేదు, అప్పుడే ప్లస్ వైపు రాగి పోగులు పచ్చ పొడి అయిపోయాయి. వేలితో రుద్దితే రాలుతున్నాయి. పక్కనే మైనస్ వైపు పోగులు కొత్తవాటిలా మెరుస్తున్నాయి. ఇది నాసిరకం వైరు వల్ల వచ్చింది కాదు. ఉప్పునీళ్ళలో రెండు తీగలు మునిగి, వాటి మధ్య 12 వోల్టులు ఉంటే, కరెంటు నీళ్ళగుండా ప్లస్ నుంచి మైనస్‌కి పోతుంది, పోతూ పోతూ ప్లస్ దగ్గరున్న లోహాన్ని కరిగిస్తుంది. వైరు బ్యాటరీకి నేరుగా కలిసి ఉంది కాబట్టి, మెయిన్ స్విచ్చి ఆపినా, ప్లస్‌లో వోల్టేజీ ఉన్నంతసేపూ ఈ తినడం జరుగుతూనే ఉంటుంది. బ్యాటరీ కూడా కొంచెం కొంచెంగా ఖాళీ అవుతుంది. చివరికి పంపు అవసరమైన రోజున స్విచ్చి పడుతుంది, మోటారు తిరగదు.

నన్ను ఎక్కువ మండించింది ఇంకోటుంది. బ్యాటరీకి నేరుగా కలపాలని ఆ మెకానిక్కుకి తెలుసు. అది సరైన పనే. మెయిన్ స్విచ్చి ఆపేసి అందరూ ఇంటికి వెళ్ళిపోయాక కూడా ఫ్లోటు (నీళ్ళు పెరిగితే తేలి పంపుని తిప్పే స్విచ్చి) లేస్తే పంపు తిరగాలి. ఇంత తెలిసినవాడు ఫ్యూజు పెట్టలేదు! బ్యాటరీ ప్లస్ నుంచి పంపు దాకా మధ్యలో కరెంటుని తెంచేది ఏమీ లేదు. ఆ వైరు ఎక్కడైనా ఒరుసుకుని షార్టయితే ఆపేవాడే లేడు, పక్కన పెట్రోలు ట్యాంకు. ఏబీవైసీ అని అమెరికాలో బోట్లకి ప్రమాణాలు పెట్టే సంస్థ ఉంది, వాళ్ళు మామూలుగా ఫ్యూజు బ్యాటరీకి 7 అంగుళాల లోపే ఉండాలంటారు. కారణం తేలికే: ఫ్యూజు తన తర్వాతి వైరునే కాపాడగలదు, బ్యాటరీకీ తనకీ మధ్యనున్న ముక్కని కాపాడలేదు. అందుకే ఆ ముక్క ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది.

ఫ్యూజు సైజు కూడా ఇంట్లో ఏదుంటే అది పెట్టేది కాదు. పంపు డబ్బా మీద కంపెనీ రాస్తుంది, అదే పెట్టాలి. 500 జీపీహెచ్ చిన్న పంపు నడిచేటప్పుడు రెండు ఆంపియర్లు తీసుకుంటుంది. వేపాకో, చేపల వల దారమో చిక్కుకుని లోపలి ఫ్యాను బిగుసుకుపోతే దానికి కొన్ని రెట్లు లాగుతుంది. అప్పుడు ఫ్యూజు పోవాలి. దానికి 15 ఆంపియర్ల ఫ్యూజు పెడితే ఫ్యూజు నిక్షేపంగా ఉంటుంది, మోటారు కాలిపోతుంది, ప్లాస్టిక్ కరుగుతుంది. "చిన్నది పెడితే ఊరికే పోతోందన్నా" అంటారు. పోతోందంటే పంపులో ఏదో అడ్డుపడిందని. పక్కనున్న రెండు నొక్కులు నొక్కితే జాలీ ఊడి వస్తుంది, చూసి తీసెయ్యడానికి నిమిషం పట్టదు.

ఇక వైరు. ఇంటికి వాడే 1 స్క్వేర్ ఎంఎం వైరు లాగాడు. 2000 పంపు దాదాపు 8 ఆంపియర్లు తీసుకుంటుంది. బ్యాటరీ నుంచి పంపు 4 మీటర్లు, రానూపోనూ 8 మీటర్లు. లెక్క కడితే ఆ సన్నటి వైరులోనే 1.1 వోల్టు పోతుంది. పంపుకి చేరేది 10.9. ఇలాంటి చోట 3 శాతం, అంటే 0.36 వోల్టు మించి పోకూడదని పెట్టుకుంటాం. దానికి 2.5 స్క్వేర్ కూడా చాలదు, 4 స్క్వేర్ పడాలి. చిన్న పంపయితే 1.5 చాలు. ఏదైనా సన్నపోగుల వైరే అయ్యుండాలి, టిన్ పూత వేసిన రాగి దొరికితే మరీ మంచిది. పూత లేని రాగిలో ఉప్పు తేమ ఇన్సులేషన్ కింద నుంచే పాకుతుంది, పైకి ఎర్రగా బాగానే ఉంటుంది, కోసి చూస్తే లోపల నల్లగా ఉంటుంది.

జాయింటుకి రెండే షరతులు. నీళ్ళు ఎప్పటికీ చేరని ఎత్తులో ఉండాలి, గాలి చొరకుండా మూసుకోవాలి. పంపుతో వచ్చే వైరు పొట్టిగానే ఉంటుంది, అందుకే అక్కడే అడుగున కలిపేస్తారు. అలా కాకుండా ముందు వైరుని నిటారుగా పైకి తీసి, క్లిప్పు కొట్టి, అది అందినంత ఎత్తులో కలపాలి. రెండు వైర్ల కొసల్ని నొక్కి కలిపే (క్రింపింగ్ చేసే) బట్ కనెక్టరు, దాని మీద లోపల జిగురుండి వేడికి ముడుచుకునే హీట్ ష్రింక్ స్లీవు. వేడి తగిలితే రెండు చివర్లా జిగురు పొంగి బయటికి రావాలి, వస్తేనే మూసుకున్నట్టు. చెన్నై రిచీ స్ట్రీట్‌లో రెండు రకాలూ అమ్ముతారు, జిగురు లేనిది చవక. అది ఇక్కడికి పనికిరాదు. టంకం ఒక్కదాన్నే నమ్మకూడదు, అది వైరుని కడ్డీలా బిగదీస్తుంది, ఇంజను అదురుకి టంకం ఆగిన చోటే పోగులు తెగుతాయి.

పంపు కలిపేటప్పుడు ప్లస్ మైనస్ తారుమారైతే ఇంకో చిక్కు. మోటారు వెనక్కి తిరుగుతుంది. చప్పుడు బాగానే వస్తుంది, నీళ్ళు మాత్రం సన్నగా కారతాయి. పంపు బాగాలేదని మార్చేసేవాళ్ళున్నారు. రూల్ అనే కంపెనీ మామూలు పంపుల్లో బ్రౌన్ ప్లస్, నలుపు మైనస్. ఆటోమేటిక్ వాటిలో మూడో వైరు ఉంటుంది, దాని పని మోడల్‌ని బట్టి మారుతుంది, డబ్బాలో వచ్చిన కాగితం పారెయ్యకుండా చూసి కలపాలి.

ఇంతవరకూ వైర్ల మీద కోపం. అసలు ఇది రాయడం మొదలుపెట్టినప్పుడు బావకి చెబుదామనుకున్న మాట వేరు. "ఆ 2000 వెనక్కి ఇచ్చెయ్ బావా, 1100 తీసుకో, చాలు" అని. ఎందుకంటే డబ్బా మీది అంకెని చూసి జనం మోసపోతున్నారు. 2000 గ్యాలన్లంటే గంటకి 7500 లీటర్ల పైన. అది పైపు లేకుండా, ఎత్తు లేకుండా, చాలాసార్లు ఇంజను నడుస్తున్నప్పటి 13.6 వోల్టుల దగ్గర కొలిచింది. బోటులో మాత్రం మీటరు ఎత్తుకి నీళ్ళు ఎక్కాలి, పైపులో వంపులుంటాయి, బ్యాటరీ 12 వోల్టుల దగ్గర ఉంటుంది, దాంతో ఆ అంకెలో మూడో వంతు నుంచి సగం దాకా తగ్గిపోతుంది. లోపల గరుకు గీతలున్న చవక ముడతల పైపు వేస్తే ఇంకా తగ్గుతుంది. లోపల నున్నగా ఉండేదే వెయ్యాలి. పెద్ద పంపు మూతి 29 ఎంఎం, ఆ సైజు మన దగ్గర సులువుగా దొరకదు. ఒక ఇంచి పైపుని వేణ్ణీళ్ళలో ముంచి బలవంతంగా ఎక్కిస్తారు, లేకపోతే ఒకటింపావు తెచ్చి క్లాంపుతో నలిపేస్తారు. మొదటిది నీళ్ళని తగ్గిస్తుంది, రెండోది కారుతుంది.

ఇలా ఆలోచిస్తుంటే తడలో మామయ్య గుర్తొచ్చాడు.

పులికాట్‌లో తిరిగే చెక్క పడవ ఆయనది. పంపు లేదు, కరెంటు లేదు. నూనె క్యానుని ఏటవాలుగా కోసి, పిడి ఉన్న సగాన్ని తోడే డబ్బాగా వాడేవాడు. తెల్లారి పడవ దగ్గరికి వెళ్ళగానే మొదటి పని నీళ్ళు తోడటం. తోడుతూ పైకే లెక్కపెట్టేవాడు, మధ్యలో ఎవరు పలకరించినా జవాబిచ్చేవాడు కాదు. మాకు విసుగొచ్చేది. లెక్క అయ్యాక నిన్నటి దానితో పోల్చేవాడు. రాత్రి వాన లేకుండా నాలుగు డబ్బాలు ఎక్కువొస్తే ఆ రోజు వేటకి పోవడం లేదు, పడవని ఒడ్డుకి లాగి ఒరిగించి, పలకల మధ్య అతుకులన్నీ గోటితో గీరుతూ చూసేవాడు. ఎక్కడో అతుకులో కూరిన పత్తి ఊడిపోయి ఉండేది. నీళ్ళు నాలుక మీద పెట్టుకుని ఉప్పగా ఉందా లేదా చూసేవాడు. ఉప్పగా లేకపోతే పైనుంచి పడ్డ వాన, ఉప్పగా ఉంటే కిందనుంచి వచ్చింది. ఆయన చేతిలో డబ్బా తోడే పనితో పాటు కొలిచే పనీ చేసేది.

ఆటోమేటిక్ పంపు ఈ కొలతని మన దగ్గర్నుంచి తీసేసుకుంటుంది. నీళ్ళు వస్తాయి, ఫ్లోటు లేస్తుంది, పంపు తోడేస్తుంది, మూత ఎత్తితే పొడిగా ఉంటుంది. ఫిట్టింగు దగ్గర కారడం రెట్టింపయినా ఎవరికీ తెలియదు, బ్యాటరీ చచ్చేదాకా. అందుకే ఫ్లోటు సర్క్యూట్ మీద చిన్న కౌంటరు ఒకటి పెట్టాలి, పంపు ఎన్నిసార్లు తిరిగిందో చూపిస్తుంది. స్టీరింగు దగ్గర ఒక దీపం కూడా.

మామయ్య లెక్క పట్టుకుని బావ బోటుకి మళ్ళీ లెక్క వేశాను, నా మాట మారింది. 2000 వెనక్కి ఇవ్వక్కర్లేదు. దాని తప్పేమీ లేదు, అది ఒంటరిగా ఉండటమే తప్పు.

చూడండి. 17 అడుగుల బోటు, పైన వాన పడే జాగా రమారమి 10 చదరపు మీటర్లు. 100 మిల్లీమీటర్ల వాన పడితే వెయ్యి లీటర్లు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకి చెన్నై ఏమైందో చూశాం, అలాంటి రాత్రి ఎవరూ బోటు దగ్గరికి వెళ్ళలేరు. 70 ఏహెచ్ (ఆంపియర్-గంటల) బ్యాటరీలో నమ్ముకోదగ్గది సగం, 35. పెద్ద పంపు 8 ఆంపియర్ల చొప్పున తాగితే నాలుగు గంటల్లో ఖాళీ. పైగా ఆపగానే లావు పైపులో నిలిచిన నీళ్ళు వెనక్కి జారి ఫ్లోటుని మళ్ళీ లేపుతాయి, పంపు మళ్ళీ తిరుగుతుంది, అవే నీళ్ళని తెల్లార్లూ పైకీ కిందకీ ఆడిస్తుంది. దీనికి విరుగుడని పైపులో నీళ్ళని ఒకవైపే పోనిచ్చే చెక్ వాల్వ్ పెడతారు. వద్దు. చెత్త పడితే అది బిగుసుకుంటుంది, దాని మీద నిలిచిన నీళ్ళ బరువుకి పంపు లోపల గాలి ఇరుక్కుని ఎత్తలేకపోతుంది.

500 చిన్న పంపు అడుగున, 19 ఎంఎం సన్న పైపుతో పెడితే వెనక్కి జారేది తక్కువ. రెండు ఆంపియర్లతో ఆగకుండా 17 గంటలు నడవగలదు. నిజంగా గంటకి వెయ్యి లీటర్లే తోసినా ఆ వెయ్యి లీటర్ల వాన దానికి ఒక గంట పని. 2000 దాని పక్కనే ఒక చిన్న దిమ్మ మీద, దాని ఫ్లోటు నాలుగు వేళ్ళ ఎత్తులో. అది తిరిగిందంటేనే ప్రమాదమని అర్థం, కాబట్టి దాని ఫ్లోటుకే బజరు కూడా కలపాలి. రెండింటికీ విడి ఫ్యూజులు, విడి పైపులు. 'T' ఆకారపు జాయింటు పెట్టి ఒకే రంధ్రంలోకి కలిపితే ఒకటి తోసింది రెండోదానిగుండా తిరిగి లోపలికి వస్తుంది.

పెద్దది ఉంది కదా అని ధీమా మాత్రం పనికిరాదు. నీటిమట్టానికి 30 సెంటీమీటర్ల కింద 25 ఎంఎం రంధ్రం పడితే నిమిషానికి 40 లీటర్లకి తక్కువ కాకుండా వస్తాయి. 2000 పంపు నిజంగా తోసేది అటూ ఇటూగా 65. పోటీ దగ్గరదగ్గరగానే ఉంటుంది. అందుకే అడుగునున్న ప్రతి ఫిట్టింగుకీ, అది విరిగితే రంధ్రంలో దిగ్గొట్టడానికి, సైజుకి తగ్గ చెక్క బిరడా తాడుతో కట్టి ఉంచాలి.

బిగించేటప్పుడు అడుగు ఫైబరులోకి స్క్రూ దించకూడదు, ప్లాస్టిక్ పలకని ఎపాక్సీతో అంటించి దానికి బిగించాలి. బయటికి పోయే రంధ్రం, వెనక ముగ్గురు నిలబడినా నీళ్ళకి జానెడు పైనే ఉండాలి, పైపు దానికన్నా ఎత్తుకి వెళ్ళి వంగి దిగాలి. ఆ వంపు దాకా ఎక్కడా జోలె పడకూడదు. డ్రిల్లింగ్ అయ్యాక ఫైబరు పొట్టంతా తడి స్పాంజితో ఎత్తెయ్యాలి, కొత్త పంపుల్ని ముందు చంపేది అదే.

రేపు చెన్నై ప్యారీస్ కార్నర్ వెళ్ళి నున్న పైపు, 316 స్టీలు క్లాంపులు తేవాలి, ఒక్కో చివరకి రెండేసి. ఫ్లోటు మీద రాసిన ఆంపియర్లు ఫ్యూజు కన్నా ఎక్కువున్నాయా అని షాపులోనే చూసుకోవాలి. బిందెతో కొలిచి నలభై లీటర్లు పోసి, ఇంజను ఆపి, బ్యాటరీ మీదే ఎన్ని సెకన్లకి తోడుతుందో బావ చేతే లెక్కపెట్టించాలి. నిమిషం పడితే గంటకి 2400 లీటర్లు. ఆ అంకెని మూత లోపల మార్కరుతో రాస్తే వచ్చే ఏడాది తగ్గిందో లేదో తెలుస్తుంది. ఫ్లోట్ల ఎత్తు మాత్రం బోటు నీళ్ళలో ఉండగానే గుర్తు పెట్టాలి, ట్రెయిలర్ మీద ముక్కు పైకి లేచి ఉంటుంది కాబట్టి అక్కడ పెట్టిన గుర్తు నీళ్ళలో సరిపోదు.